రొట్టె చప్పుడు మారిన చోటు

అవ్వ నాలుగో రొట్టె తట్టడం మొదలుపెట్టగానే చప్పుడు మారింది. అప్పటిదాకా దబ్ దబ్ అని పొడిగా వినిపించిన దెబ్బ, ఆమె పీటను మూరెడు పక్కకు జరుపుకున్నాక, కింద ఎవరో ఊఁ కొట్టినట్టు ధుమ్మని మోగింది. నా చేతిలో టేపు ఉంది. చంకలో నేను సంతకం చేయవలసిన కాగితం ఉంది. ఎమ్మిగనూరులో, ఉగాది దాటిన మూడో వారంలో, ఉదయం పదకొండు గంటల వేళ, ఈ నేల కింద ఏదో తేడా ఉందని నాకు మొదటిసారి అనిపించిన క్షణం అదే.

నాలుగేళ్ల కిందటి మాట. అప్పుడు నేను ఆదోనిలో వంటగదులు తయారుచేసే ఒక వర్క్‌షాపులో పనిచేసేదాన్ని. కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ చదివి ట్రైనీగా చేరాను. తర్వాత జూనియర్ డిజైనర్‌నయ్యాను. ఆ ఉగాదికే సైట్ ఇన్‌ఛార్జ్‌ని చేశారు. ఇన్‌ఛార్జ్ అంటే మార్కింగ్ షీటు మీద సంతకం పెట్టే అధికారం, తప్పు జరిగితే అందరికన్నా ముందు తిట్లు తినే అధికారం. వర్క్‌షాపు కర్నూలుకు మారాక, ఇద్దరు పిల్లలతో రోజూ అంత దూరం పోయి రాలేక మానేశాను. ముప్పై మూడేళ్లకే మాజీ ఉద్యోగినయ్యాను. పిల్లలు నిద్రపోయాక, గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు చూసుకుని వచ్చి ఇది రాస్తున్నాను. ఆ అలవాటు ఉద్యోగంతో వచ్చిందో పిల్లలతో వచ్చిందో చెప్పలేను.

వంటగది గీయడమంటే అందమైన బొమ్మ గీయడమని చాలామంది అనుకుంటారు. బొమ్మ ఆఖరి పని. ముందు కొలతలు. పొయ్యి, సింకు, ఫ్రిజ్ ఈ మూడింటి మధ్య వంట చేసే మనిషి రోజంతా తిరుగుతుంది కాబట్టి ఆ మూడూ మరీ దూరం కాకూడదు, ఒకదాని మీద ఒకటి పడకూడదు. తర్వాత ఎత్తు. నిలబడి మోచేయి మడిస్తే, దానికి జానెడు కిందుగా గట్టు ఉండాలి. ఆపైన మా వర్క్‌షాపు పద్ధతి ఒకటుంది. కాగితం మీద ప్లాను ఒప్పుకున్నాక, అదే ప్లానును ఉన్నదున్నంత కొలతల్లో నేల మీద ముగ్గుపిండితో గీస్తాం. ఆ గీతల మధ్య ఇంటి ఆడవాళ్ల చేత వంట చేసినట్టు చేయిస్తాం. ఎవరు ఎవరికి తగులుకుంటున్నారో, ఏ తలుపు తెరిస్తే ఎవరి మోకాలికి కొడుతుందో అప్పుడు తెలుస్తుంది. అంతా సరిపోతే ఇన్‌ఛార్జ్ సంతకం చేస్తుంది. సంతకం పడిన గంటకే ఆదోనిలో చెక్క కోయడం మొదలవుతుంది. కోసిన చెక్క మళ్లీ అతకదు.

ఆ ఇల్లు ముగ్గురు అన్నదమ్ములది. ఉమ్మడి కుటుంబం, పూటకు ఇరవై రెండు మంది తింటారు. పెద్దాయన ఉరుకుందప్ప మార్కెట్ యార్డులో పత్తి వ్యాపారం చూసేవాడు. రెండో ఆయన పొలం చూసుకునేవాడు. మూడో ఆయన బసవరాజుది బజారులో సెల్‌ఫోన్ల అంగడి. వాళ్ల తల్లి నాగమ్మవ్వ. పాత వంటిల్లు పొగచూరిన ఇరుకు గది. దాని వెనక, చుట్టూ ఎత్తు గోడ ఉన్న పెరడు. ఆ పెరడు మొత్తాన్ని కలుపుకుని పెద్ద వంటగది కట్టాలని వాళ్ల కోరిక. పెరట్లో ఎప్పుడో బండలు పరిచారు, పైన రేకులు వేశారు. పెరటి తలుపును పని కోసం ఇటుకలతో మూసేశాం కనుక అక్కడికి పోవాలంటే పాత వంటింటి గడప దాటి పోవడం ఒక్కటే దారి.

ఏం కావాలని మొదటి రోజు అడిగితే మగవాళ్లు ముగ్గురూ కలిసి నాకు ఒక ఫొటో చూపించారు. బసవరాజు ఫోన్లో దాచిపెట్టిన ఫొటో. గది నడిమధ్య గ్రానైట్ బల్ల, దాని మీద పండ్ల బుట్ట. అలాంటి బల్ల కావాలి, అంతే. నేను గీసిన ప్లానులో ఆ బల్ల పెరడు నడిబొడ్డున కూర్చుంది. కింద జొన్నలకూ బియ్యానికీ పెద్ద పెద్ద సొరుగులు, ఒక పక్క గ్రైండరు, మరో పక్క రెండు పొయ్యిలు. అన్నీ నింపితే సరుకెత్తిన ట్రాక్టరు ట్రాలీ అంత బరువు.

సంతకం పెట్టాల్సిన ఆ రోజు ముగ్గు గీసి ఆడవాళ్లను పిలిచాను. ముగ్గురు కోడళ్లూ ఖాళీ గిన్నెలు పట్టుకుని, లేని కుళాయి తిప్పి, లేని ఫ్రిజ్ తలుపు మోచేత్తో మూసి, నవ్వలేక కూలబడ్డారు. రెండో కోడలు లేని పాలు పొంగిపోతున్నాయని పరుగెత్తుకొచ్చి నన్ను గుద్దుకుంది. నాగమ్మవ్వ మాత్రం ఈ ఆట ఒప్పుకోలేదు.

"ఉత్త చేతులు ఊపేది నాకు రాదు పాపా. పిండి తెప్పీ. సేస్తే రొట్టే సేస్తా" అంది.

పిండి వచ్చింది, పొయ్యి వచ్చింది. జొన్నరొట్టె నిలబడి తట్టేది కాదు. భుజం బరువంతా అరచేతిలోకి దిగాలి. అందుకు నేల మీద పీట వేసుకుని కూర్చోవాలి. నేను గీసిన గట్లన్నీ నిలబడేవాళ్ల కోసమే గీశానని అప్పుడు వెలిగి సిగ్గుపడ్డాను. ఆ సిగ్గులో ఉండగానే చప్పుడు మారింది.

అవ్వను పీట మూడుచోట్లకు జరిపించి మూడుసార్లు తట్టించాను. చప్పుడు మారే చోట్లు చుక్కలు పెట్టి కలిపితే, నా గ్రానైట్ బల్ల గీతల లోపల చక్కటి గుండ్రం వచ్చింది. మా తాపీమేస్త్రి ఖాజా గడ్డపారతో పొడిచి చూసి, బండ కింద ఇసుక జారి ఉంటుంది మేడం, మామూలే అన్నాడు. అతనిది ఇరవై ఏళ్ల అనుభవం. నాది నెల నిండని ఇన్‌ఛార్జ్‌గిరీ. కలం మూత తీశాను కూడా. చేయి రాలేదు.

"ఇక్కడ ముందు ఏముండేదవ్వా?" అని అడిగాను.

"పాతరుండె" అంది, రొట్టె తిప్పుతూ.

పాతరంటే జొన్నలు దాచే గొయ్యి. పైన ఒక మనిషి దూరేంత మూతి, లోపల కుండలా పెద్ద పొట్ట. ఈ ప్రాంతంలో పూర్వం కలిగిన ఇళ్లలో ఉండేవి. చుట్టూ గడ్డి పేర్చి జొన్నలు పోసి మూతి మూస్తే ఏళ్ల తరబడి ఉండేవట.

"ఉండె అంటే? ఇప్పుడు లేదా?"

"ఈళ్ల నాయన పూడ్సినా అన్న్యాడు. నాలుగు బండ్ల మన్ను పోసినాడంట. నేను పుట్నింట్లో ఉంటి."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదవ్వా?"

"నువ్వు అడిగితివా? వచ్చిన దినం మగోళ్లతో మాట్లాడి, టీ తాగి పోయితివి."

కలానికి మూత పెట్టేశాను.

అందరినీ ఆ గుండ్రం అవతల నిలబెట్టాను. ఖాజా మేస్త్రి మూతి మీది బండ ఎత్తాడు. మెడలో రాళ్లు ఇరికించి ఉన్నాయి. గడ్డపారతో కదిలిస్తే రెండు రాళ్లు లోపలికి పోయాయి. కిందపడిన చప్పుడు కాసేపటికిగానీ రాలేదు. చల్లటి, పులిసిన వాసన పైకి వచ్చింది. నాలుగు బండ్ల మన్నులో తట్టెడు కూడా పాతరలోకి పోలేదని నాకప్పుడే అర్థమైంది. ఇంకొక సంతకం దూరంలో, ఆ పొట్ట మీద ట్రాక్టరు బరువు పెట్టి, చుట్టూ ఇరవై రెండు మందిని తిప్పబోయాను.

నేను కాగితం మీద బల్లను కొట్టేస్తుంటే ఇంట్లో పండగ మొదలైంది. ఎవరి నోట ముందు వచ్చిందో తెలియదు, బంగారం అన్న మాట వచ్చేసింది. సంగతి బయటికి పొక్కకూడదని రెండో ఆయన వీధి తలుపు గడియ పెట్టాడు. పట్టపగలు ఆ ఇంటి తలుపు మూయడం ఎన్నడూ లేదు కాబట్టి వీధంతా వచ్చి అరుగు మీద నిలబడింది. తానొచ్చేదాకా ఏదీ ముట్టుకోవద్దని ఫోన్లో చెప్పిన ఉరుకుందప్ప, ఆ ఫోను పెట్టేలోపే యార్డు నుంచి వచ్చి ఇంట్లో ఉన్నాడు. వెంట ముగ్గురు హమాలీలు. రెండో కోడలు వడ్డాణం కొలతకు నడుము తడుముకుంది.

బసవరాజు దిగుతానన్నాడు. ఏళ్లకేళ్లు మూసి ఉన్న గోతిలో, గడ్డి కుళ్లిన చోట, పీల్చే గాలి ఉండదు. దిగిన మనిషి కేక కూడా వేయలేడు. అతన్ని తీయడానికి దిగినవాడూ అంతే. కాలేజీలో ఒక పాఠంగా చదివాను. ఆ మాటే చెప్పాను.

"మేడం, మీరు డిజైను సూసుకోండి. గుంత సంగతి మేం సూసుకుంటాం" అన్నాడు నవ్వుతూ.

పాతర తెరిస్తే ముందు దీపం దింపి చూడాలని అవ్వ అంది. దీపం ఆరితే మనిషి దిగకూడదు. బసవరాజు ఒప్పుకున్నాడు. తన ఫోన్లో టార్చి వెలిగించి, వీడియో పెట్టి, కవరులో కట్టి, తాడుతో అడుగుదాకా దింపి పైకి లాగాడు. టార్చి వెలుగుతూనే ఉంది.

"సూడండి! ఆరిపోల్యా! లోపల గాలి బ్రమ్మాండంగా ఉండాది" అన్నాడు.

మగవాళ్లంతా తలలూపారు. మా ఖాజా మేస్త్రి కూడా ఊపాడు. నా మాట నేననుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది.

"ఫోను ఊపిరి పీల్చదు బసవన్నా!"

నవ్వింది అవ్వ ఒక్కతే.

"దీపమంటే నూనె దీపంరా, నీ అంగట్లో దీపం కాదు" అని, ప్రమిద వెలిగించి టిఫిన్ గిన్నెలో పెట్టి తెచ్చింది.

మేస్త్రి తాడు మెల్లగా వదిలాడు. మూతి దాటింది, మెడ దాటింది. ఒక నిలువు లోతుకు పోగానే ఎవరో వేళ్లతో నలిపినట్టు వత్తి ఆరిపోయింది. రెండోసారి దింపాం. అదే చోట ఆరింది. గాలి కొట్టిందన్నాడు బసవరాజు. ఇందాక గాలి బ్రహ్మాండంగా ఉందన్నది గుర్తుచేస్తే, ఊపిరి బిగబట్టి దిగి రెండు నిమిషాల్లో వస్తాను, నడుముకు తాడు కట్టండి అన్నాడు. రెండో ఆయన తాడు తేవడానికి లేచాడు. ఉరుకుందప్ప అవునూ అనలేదు, కాదూ అనలేదు. తమ్ముడు ఎవరి మాటా వినే మనిషి కాదని అతని ముఖం చెబుతోంది. నా మాట వినడానికి నేను ఎవరిని? ఆదోని నుంచి టేపు పట్టుకుని వచ్చిన పాపను.

మమ్మల్ని కాపాడింది బసవరాజు ప్యాంటు. కొత్తది, మాసిపోతుందని లుంగీ కట్టుకోవడానికి లోపలికి పోయాడు. అందినంత అవకాశం వాడుకున్నాను. అంచులు కూలతాయి, అందరూ పాత వంటింట్లోకి పదండి అని కేకేశాను. ఈసారి ఖాజా మేస్త్రి నా పక్కకు వచ్చి అందరినీ తోలాడు. అందరూ లోపలికి పోగానే అవ్వ చేయి పట్టుకున్నాను.

"అవ్వా, గడప మీద కూర్చోండి. కాళ్లు బారచాపండి."

ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. గడప మీద కూర్చోకూడదని కోడళ్లను ఇన్నేళ్లుగా కసిరిన మనిషి, తానే గడప మధ్యలో చతికిలబడి, వీపు ఒక ద్వారబంధానికి ఆనించి, పాదాలు రెండోదానికి తన్నిపెట్టింది. బసవరాజు లుంగీ బిగించుకుంటూ వచ్చి ఆగిపోయాడు. కూర్చున్న తల్లిని దాటి అడుగు వేసే కొడుకు ఈ సీమలో ఇంకా పుట్టలేదు.

"లేయ్ మా."

"లేయను."

"రెండు నిమిషాలు మా!"

"నన్ను దాటి పో, సూస్తాం."

అతను ఎడమకు వంగాడు, కుడికి వంగాడు. అవ్వ బొటనవేలు ద్వారబంధానికి ఇంకా గట్టిగా తన్నింది. నాకు నవ్వు తన్నుకొచ్చింది. భయపడినప్పుడు నాకొచ్చే నవ్వు అది, ఆపుకోవడం చేతకాదు. ముగ్గురు కోడళ్లూ అందుకున్నారు.

పెరట్లో మిగిలింది నేనూ ఖాజా మేస్త్రీ. పొయ్యి మీద బిగించడానికి తెచ్చిన చిమ్నీ పెట్టె ఒక మూల ఉంది. అందులో మడతపెట్టిన అల్యూమినియం గొట్టం ఉంది, సాగదీస్తే చాలా దూరం వస్తుంది. గుండ్రం దాటేలా అడ్డంగా వేసిన పొడవాటి సెంట్రింగ్ చెక్క మీద బోర్లా పడుకుని, మేస్త్రి ఆ గొట్టాన్ని పాతర అడుగుదాకా వదిలాడు. పై కొసకు గోడకు పెట్టాల్సిన ఎగ్జాస్ట్ ఫ్యాను తగిలించి, గాలి గోడ అవతలి ఖాళీ స్థలంలోకి పోయేట్టు తిప్పాను. చెడ్డ గాలి బరువైనది, అడుగున కూర్చుంటుంది, అందుకే అడుగు నుంచి లాగాలి. ఎవరూ వంట చేయని వంటగదికి చిమ్నీ పెట్టింది నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఫ్యాను నాలుగు గంటలు తిరిగింది. అవ్వ నాలుగు గంటలూ గడప వదల్లేదు. ఆమె లేస్తే బసవరాజు పోతాడని మగవాళ్లెవరూ ఆ గది నుంచి కదల్లేదు. ఆ ఇంటి మగవాళ్లు పాత వంటింట్లో అంతసేపు ఉండడం అదే మొదటిసారి. మధ్యాహ్నం వంట అక్కడే చేయక తప్పలేదు. వాళ్ల మధ్య నుంచే కోడళ్లు పొయ్యి దగ్గరికీ నీళ్ల దగ్గరికీ తిరిగారు. ఉరుకుందప్ప తల అటకకు మూడుసార్లు తగిలింది. తాలింపు ఘాటుకు రెండో ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

"ఈ పొగలో ఎట్ల సేస్తాండారు మీరు?" అన్నాడు ఉరుకుందప్ప.

"ఇరవై ఏండ్ల నుంచి సేస్తాండాము. నీకు ఈ దినం కనపడెనా?" అంది పెద్ద కోడలు మహదేవి, గరిటె ఆపకుండా.

ఆయన నన్ను గడప దగ్గరికి పిలిచాడు. నడిమధ్య బల్ల లేకపోతే ఏం పెట్టొచ్చని అడిగాడు. నేను కాగితం వెనక్కి తిప్పాను. ఈసారి ప్లాను ఆడవాళ్లు చెప్పారు, నేను గీశాను, మగవాళ్లు గోడకు ఆనుకుని విన్నారు. రొట్టెలకు కిటికీ పక్కన మోకాలెత్తు అరుగు, కాళ్లు చాపుకునేంత వెడల్పుతో. పొయ్యిలు ఒకే వరుసలో, పక్కపక్కన నిలబడి మాట్లాడుకునేట్టు. ఒకరికొకరు వీపు పెట్టుకుని వంట చేస్తే మాటలు పొయ్యిలో పడతాయట. నడిమధ్య ఏమీ వద్దు. ఇరవై రెండు మందికి వడ్డించేటప్పుడు నడవడానికి ఖాళీ కావాలి. పండ్ల బుట్ట సంగతేమిటని బసవరాజు నీరసంగా అడిగితే, నీ అంగట్లో పెట్టుకో అంది వాళ్లమ్మ, గడప మీది నుంచే.

సాయంత్రం దీపం అడుగుదాకా పోయి, నిశ్చలంగా వెలిగింది. మూడుసార్లు దింపాం, మూడుసార్లూ వెలిగింది. అయినా ఎవరినీ దింపలేదు. గట్టి లైటు తాడుకు కట్టి వదిలి, చెక్క మీద పడుకుని ఒక్కొక్కరం చూశాం. నల్లబడిన గడ్డి. పొద్దున మేము పడేసిన రెండు రాళ్లు. ఇంకేమీ లేదు.

అవ్వ అందరికన్నా ఆఖరున చూసింది. ఇద్దరు కొడుకులు చెరో చేయి పట్టుకున్నారు. చాలాసేపు వెతికింది.

"నాలుగు బండ్ల మన్ను యాడ పోసినాడురా మీ నాయన?" అంది.

మళ్లీ ఒకసారి లోపలికి తొంగి చూసింది.

"బండ్లోళ్లకి కూలీ ఇయ్యల్లని నా బంగారు మాడపూసల దండ కుదవ పెట్టినాడు కదరా!"

చెప్పి, ఆ చెక్క మీదే నవ్వడం మొదలుపెట్టింది. కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వింది. పోయిన మనిషి అబద్ధం అన్నేళ్లకు, అంత ఖాళీగా, అంత గుండ్రంగా దొరకడం ఆమెకు బంగారం దొరికినదానికన్నా ఎక్కువైంది. కొడుకులకు నవ్వాలో వద్దో తెలియక నన్ను చూశారు. నేను అప్పటికే నవ్వుతున్నాను.

మరుసటి వారం పాతరను మొరం మట్టితో పొరలు పొరలుగా, నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టి నింపించాను. ప్రతి పొరకూ అవ్వ కుర్చీ వేసుకుని కూర్చుని బండ్లు లెక్కపెట్టింది. పనిలో పదిహేను రోజుల ఆలస్యమైనందుకు మా సార్ నన్ను మందలించారు. కారణం రాసివ్వమంటే రాసిచ్చాను.

ఆ సంఘటన నాకు నేర్పింది ఇది. నేల గట్టిదా కాదా అన్నది కొలతలు చెప్పవు. ఆ నేల మీద అందరికన్నా ఎక్కువ ఏళ్లు కూర్చుని పనిచేసిన మనిషిని అడగాలి, మొదటి రోజే అడగాలి. మా సైట్ ఫారంలో ఆ నెలలోనే ఒక గడి చేర్పించాను: ఇక్కడ ముందు ఏముండేది, ఎవరు చెప్పారు. నేను మానేసేదాకా ఆ గడి నింపకుండా ఏ షీటు మీదా సంతకం చేయలేదు.

పాతర తెరిచిన ఆ సాయంత్రం ఆదోని బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలో నేను నవ్వుకుంటుంటే పక్కావిడ సీటు మారింది. ఇంటికి వచ్చి మా అమ్మకు అంతా చెప్పాను. పిల్లలు నిద్రపోయారనుకున్నాను, అప్పటికి నాలుగేళ్లున్న పెద్దది నిద్రపోలేదు. పొద్దున పాలగ్లాసు ముట్టకుండా కూర్చుంది. పక్కన రెండేళ్లవాడు, ఏమీ తెలియకపోయినా, నోరు తెరుచుకుని కూర్చున్నాడు. గుంతలో బంగారం దొరికిందా అని అడిగింది.

దొరకలేదని చెప్పాను. "ఒక మామ ఆ గుంతలోకి దిగాలనుకున్నాడు. దిగలేదు. రాత్రి అన్నం తిని పడుకున్నాడు. ఈపాటికి లేచి టీ తాగుతుంటాడు. కథ అంతే, మీరు పాలు తాగండి" అన్నాను.